ముల్లు మాట, కాటా మాట

నరసరావుపేటలో మా మావయ్యకు గోలీ సోడా కొట్టు ఉండేది. వేసవి సెలవులంతా నా మకాం అక్కడే. సీసాలు కడగడం, మెడలో రబ్బరు వాచరు అరిగిందేమో చూడటం, కేసులు సర్దడం నా పనులు. సిలిండర్ జోలికి మాత్రం రానిచ్చేవాడు కాదు. ముప్పై కిలోల గ్యాసు పట్టే ఇనప సిలిండర్ అది. దాని భుజం మీద ఖాళీ బరువు ఎంతో అంకెలు పొడిచి ఉండేవి.

సోడా కొట్టే మనిషికి మధ్యలో గ్యాసు అయిపోవడం కంటే కష్టం లేదు. సీసాలో ఒత్తిడి చాలకపోతే గోలీ పైకెక్కి వాచరుకు బిగియదు. నొక్కితే కుయ్‌మనదు. అలాంటి చప్ప సోడా ఒక్కసారి తాగినవాడు మళ్లీ మన కొట్టు గుమ్మం తొక్కడు.

సిలిండర్ మెడకు మీటరు ఉండేది. మావయ్య దాని వైపు పెద్దగా చూసేవాడు కాదు. వరసగా సోడాలు కొట్టాక సిలిండర్ కింది భాగానికి పట్టిన చెమటను చేత్తో తడిమేవాడు. లోపల ద్రవం ఉన్నంత ఎత్తుకే ఇనుము ఎక్కువ చల్లబడుతుంది. ఆ గీత కిందికి దిగుతుంటే సరుకు తగ్గుతున్నట్టు లెక్క. అది అంచనా. తేల్చుకోవాలంటే పక్కనున్న పత్తి కొట్టు కాటాయే.

ఒక వైశాఖంలో పెద్ద పెళ్లి ఆర్డరు వచ్చింది. మిట్టమధ్యాహ్నం, రేకుల కింద కొలిమిలా ఉంది. మీటరు ముల్లు చలికాలంలో కొత్త సిలిండర్ బిగించిన రోజు ఎక్కడుండేదో అంతకంటే పైనే ఉంది. "బోలెడుంది మావయ్యా" అన్నాను. "ఒరే, అది ఎండ సంగతి చెబుతోంది, గ్యాసు సంగతి కాదు. పట్టు" అన్నాడు. ఇద్దరు కూలీలు సిలిండర్‌ను అడుగు అంచు మీద తిప్పుకుంటూ తీసుకెళ్లి కాటా ఎక్కించారు. గుండు జరిపి, భుజం మీది అంకె తీసేసి చూస్తే మిగిలింది ఏడు కిలోలు. పెళ్లికీ మర్నాటి సంతకూ కలిపి అది చాలదని తేల్చి, మావయ్య అప్పటికప్పుడు గుంటూరుకు మనిషిని పంపాడు.

దాని కిటుకు నాకు కాలేజీలో తెలిసింది. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం నిండా ఉన్నా, అడుగున కాస్త ఉన్నా, పైన ఆవిరి ఒత్తిడి ఒకటే. దాన్ని మార్చేది వేడి ఒక్కటే. చివరి ద్రవం కూడా ఆవిరయ్యాకే ముల్లు పడటం మొదలవుతుంది. ఇక పడిందంటే ఆగదు. పల్నాటి ఎండల్లో ఇంకో చిక్కుంది. 31 డిగ్రీలు దాటితే ఈ గ్యాసులో ద్రవం, ఆవిరి అనే తేడాయే మిగలదు. ఉన్న కాస్త సరుకే వేడికి ఉబ్బి ముల్లును పైకి నెడుతుంది. మావయ్య ఈ చదువేదీ చదవలేదు, అయినా ఆయన పద్ధతిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, ఇంట్లోనే బీరు తయారు చేసుకుంటాడు. మొదట విన్నప్పుడు కంగారుపడ్డాను. అక్కడ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దీన్ని అనుమతించిందనీ, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చనీ వాడే చెప్పాడు. కూల్‌డ్రింకుల కంపెనీలు ఒకప్పుడు సిరప్ పోసి పంపిన ఐదు గ్యాలన్ల స్టీలు డబ్బాల్లో బీరు నింపి ఫ్రిజ్‌లో పెడతాడు. వాటికి గ్యాసు ఎక్కించేది ఐదు పౌండ్ల సిలిండర్.

నేను వెళ్లిన ఏడు, ఓ సాయంత్రం వాడు దిగులుగా వచ్చాడు. "నాన్నా, నిన్ననే నింపించుకొచ్చాను. 850 ఉన్న ముల్లు 550కి పడిపోయింది. ఎక్కడో లీకుంది." కీళ్లన్నిటికీ సబ్బునీళ్లు రాసి చూశాడు, బుడగ రాలేదు. సిలిండర్ ఎక్కడ పెట్టావని అడిగితే, ఫ్రిజ్‌లోనే అన్నాడు. నా సూట్‌కేసులు తూచుకునే కొక్కెం కాటా తెమ్మన్నాను. వాల్వు కట్టి, రెగ్యులేటర్‌లో మిగిలిన గ్యాసు వదిలేసి, దాన్ని విప్పించాను. దాని బరువు కలిస్తే లెక్క తప్పుతుంది. కొక్కానికి తగిలించి ఎత్తితే పన్నెండు పౌండ్ల పైచిలుకు తూగింది. భుజం మీద చెక్కిన ఖాళీ బరువు ఏడున్నర. ఐదుకు కాస్త తక్కువ, అంతే. గ్యాసు ఎక్కడికీ పోలేదు, చల్లబడింది.

ఇప్పుడు వాడు సిలిండర్‌కు తెల్ల టేపు అంటించి తూచినప్పుడల్లా బరువు రాస్తున్నాడు. ఒక డబ్బాకు గ్యాసు ఎక్కించి, ఆ బీరంతా అయ్యేదాకా పోసుకోవడానికి అర పౌండుకు అటూ ఇటూ ఖర్చవుతుంది. ఒక పౌండు కంటే తగ్గితే శనివారం చుట్టాలు రాకముందే మార్చుకొస్తాడు. వారంలో కొత్త డబ్బాకు గ్యాసు ఎక్కించకుండా, ఒక్క గ్లాసూ పోయకుండానే బరువు తగ్గిందా, అప్పుడు నిజంగా లీకున్నట్టే; సబ్బునీళ్ల పని అప్పుడు.