చాటింపు మనది, మాట ఎవరిది?



ఊరికి మొదటి రేడియో మాదిగ డప్పే. అలంకారానికి అంటున్న మాట కాదిది. పేపరు, మైకు లేని కాలంలో ఊరందరికీ ఒక్కసారే కబురు చేరాలంటే దండోరా వేయాల్సిందే. మా తాత ఆ పని చేసేవాడు. శిస్తు ఎన్నడు కట్టాలె, వేలంపాట ఎక్కడ, బోనాలు ఏ వారం, అన్నీ ఆయన గొంతులోంచే ఊరికి తెలిసేవి. కూలి అంటే కల్లం కాడ కొలిచిన నాలుగు గింజలు.

ఆయన చాటినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆయనది కాదు. "మా వాడ బాయి ఎండిపోయింది" అని ఏనాడూ దండోరా వేయలేదు. డప్పు మనది, గొంతు మనది, మాట పటేలుది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల ఉద్యమం దండోరా అనే పేరు పెట్టుకోవడంలో ఉన్న అర్థం ఇదే. ఇక మా డప్పు మీద మా కబురే చెప్తాం అని.

దీన్ని మనసులో పెట్టుకుని జహీరాబాద్ దగ్గరి మాచ్నూర్ వైపు చూడండి. అక్కడి సంగం రేడియో 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద గాల్లోకి వచ్చింది. నడిపేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. సభ్యుల్లో ఎక్కువ మంది దళిత స్త్రీలు. రేడియో బాధ్యత మోసిన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. పొద్దంతా చేన్ల పని చేసిన ఆడవాళ్లు ఇంటికి చేరాక వినగలిగేలా కార్యక్రమాలు రాత్రి పూట పెట్టుకున్నారు. జొన్న, సజ్జ, కొర్ర విత్తనం ఎట్ల దాచాలె, ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తది, నాయినమ్మల పాటలు, పిల్లల జ్వరాలు. చెప్పేదీ వాళ్లే, వినేదీ వాళ్లే.

ఈ గొంతులు 2008లో పుట్టినవి కావు. 1990ల చివరికే యునెస్కో సాయంతో అక్కడ స్టూడియో తయారైంది. గాల్లోకి వదిలే అనుమతి మాత్రం లేదు. క్యాసెట్లలో రికార్డు చేసుకుని సంఘం మీటింగుల్లో పెట్టుకుని విన్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్వాత కమ్యూనిటీ రేడియో విషయంలో ప్రభుత్వం ముందుగా తలుపు తీసింది ఎవరికి? 2002 విధానంలో విద్యాసంస్థలకు. స్వచ్ఛంద సంస్థల వంతు 2006లో వచ్చింది. గాలి అందరిదే, వరుసలో మనం ఎప్పుడూ చివరే.

నేను కాలేజీలో మాండలికం పాఠం చెప్తాను. సిలబస్‌లో మన భాష ఒక "ఉదాహరణ". పక్కన బ్రాకెట్లో దానికి అర్థం. సంగం రేడియోలో ఆ బ్రాకెట్ లేదు. కన్నడం, ఉర్దూ కలిసిన జహీరాబాద్ తెలుగే అక్కడ ప్రమాణం. వ్యవసాయ శాస్త్రవేత్త వచ్చినా ఆ భాషలోకి దిగాల్సిందే. నా డాక్టరేట్ నాకు నేర్పని పాఠం ఇది. భాషకు గౌరవం నిఘంటువు ఇవ్వదు, మైకు ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఇస్తారు.

ఇంకో సంగతి. ఏ ఇంటి గడప దాటి మన అమ్మలు లోపలికి పోలేదో, ఆ ఇంట్లో రేడియో తిప్పితే అదే గొంతు నడింట్లో మాట్లాడుతుంది. దీంతో కులం పోతుందని నేననను. కానీ "విత్తనం గురించి ఆమెకు తెలుసు" అని ఊరు ఒప్పుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు.

ఇక్కడితో ఆగి చప్పట్లు కొడితే మనం కార్యకర్తలం కాదు. రెండు ప్రశ్నలున్నాయి.

ఒకటి, లైసెన్సు. మైకు ముందు కూర్చునేది స్త్రీలు, లైసెన్సు సంస్థ పేరు మీద. 2006 విధానం ప్రకారం కనీసం మూడేళ్లుగా రిజిస్టరై ఉన్న సంస్థే దరఖాస్తు పెట్టాలి. పది మంది కూలి తల్లులు కలిసి నేరుగా అడగలేరు. మంచి సంస్థ దొరికితే గొంతు, దొరకకపోతే మౌనం. ఇది హక్కు ఎట్లా అవుతుంది?

రెండు, వార్తలు. ఆ విధానమే కమ్యూనిటీ రేడియోకు వార్తలు, రాజకీయ స్వభావమున్న కార్యక్రమాలు వద్దంది. పాట పాడొచ్చు, విత్తనం గురించి చెప్పొచ్చు. మరి కలుపు కూలి ఆడవాళ్లకు తక్కువ ఎందుకు? ఇది వ్యవసాయమా, రాజకీయమా? అసైన్డ్ భూమికి పట్టా ఉండి కూడా చేను చేతికి రాలేదంటే అది జీవితమా, వార్తా? ఆ గీత గీసేది ఎవరు? దండోరా కాలంలో పటేలు నిర్ణయించినట్టే ఇవాళ ఢిల్లీ నిర్ణయిస్తున్నది.

"చేతిలో ఫోనుండగా రేడియో ఎందుకన్నా?" అని విద్యార్థులు అడుగుతారు. ఫోన్లో నీ మాట ఎవరికి చేరాలో కంపెనీ తేలుస్తుంది. డేటా అయిపోతే నువ్వు లేవు. చిన్న రేడియోలో మాట్లాడిన మనిషి రేపు సంతలో నీకు ఎదురుపడుతుంది. తప్పు చెప్తే నిలదీయొచ్చు. ఆ జవాబుదారీతనం వైరల్ వీడియోకు లేదు.

మీ మండలంలో, మీ కాలేజీలో కమ్యూనిటీ రేడియో ఉంటే వెళ్లండి. మైకు ముందు ఎవరున్నారో చూడండి. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో, ఏ విషయం మాట్లాడకుండా ఆపారో అడగండి. అక్కడ దొరికిన జవాబులు కింద రాయండి. వచ్చే భాగం వాటితోనే మొదలుపెడదాం.