రాజమహేంద్రవరమందలి చిత్రశాల

గోదావరీస్నానమునకై రాజమహేంద్రవరము పోవువారిలో పెక్కుమంది కోటిలింగాలరేవున మునిగి, మార్కండేయస్వామిని సేవించి, వెంటనే తిరుగుబండి యెక్కుదురు. ఆ యూరనే దామెర్ల రామారావుగారి పేర చిత్రశాల యొకటి కలదు. ఒక గంటకాలము దానికిని కేటాయింపుడని నా మనవి.

దాని విలువ నెరుగుటకు మన యింటి బొమ్మలకొలువును తలచుకొనుడు. సంక్రాంతికి మెట్లపై నిలుపు కొండపల్లి బొమ్మలు తేలికయైన తెల్లపొణికి కొయ్యతో చేయబడును. పనివారు అవయవములను వేరువేరుగ చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన ముద్దతో నతికి, సున్నపుపూత పూసి, ఆరిన పిదప రంగులు దిద్దుదురు. మూసలో పోసినవి కావు గనుక ఏ రెండును అచ్చముగ నొక్కతీరున నుండవు. వానిలో దశావతారములతోపాటు తాడిచెట్టెక్కు గీతకాడును, వెన్న చిలుకు నిల్లాలును గలరు. మన నిత్యజీవనము కళకు తగినదేయని యా కొయ్యబొమ్మలు తరతరములుగ చెప్పుచున్నవి. చదువుకొన్నవారు మాత్రము చిత్రకళయనగా పాశ్చాత్యపద్ధతియే గొప్పదని చాలకాలము తలచిరి.

అట్టి దినములలో, 1897వ సంవత్సరమున, రామారావుగారు ఈ పట్టణమునందు జన్మించిరి. ఇచ్చటి ప్రభుత్వకళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డు కూల్డ్రే దొర ఆయన నేర్పును గుర్తించి చేయూతనిచ్చెను. అడివి బాపిరాజుగారును ఆ దొర శిష్యులే. రామారావుగారు బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో విద్య ముగించి, సంపాదనకై మహానగరమున నిలిచిపోక స్వస్థలమునకు వచ్చి, 1923లో మిత్రులతో గూడి ‘ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్టు’ను స్థాపించిరి.

నూతనోద్యమమనగానే వింతపోకడయని కొందరు జంకుదురు. ఇచ్చటి నూతనత్వ మట్టిది కాదు. బొంబాయిలో నేర్చిన శాస్త్రజ్ఞానమును, మన ప్రాచీనచిత్రములందలి రేఖాసౌకుమార్యమును మేళవించి, పలుచని నీటిరంగులతో మనవారిని, మన గోదావరిని చిత్రించుటయే ఆ నూతనత్వము. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, ఋష్యశృంగ బంధనము మొదలగు చిత్రములు ఇందుకు తార్కాణములు.

1925లో మశూచికము సోకి, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే ఆయన పరమపదించిరి. అంతటితో ఉద్యమము ఆరిపోవలసినదే. కాని వరదా వెంకటరత్నముగారు చిత్రకళాపాఠశాలను నిలిపి శిష్యులను తయారుచేసిరి. రామారావుగారి భార్య సత్యవాణిగారును, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టినవారే. ఇల్లు దిద్దుకొను చేతులకు చిత్రలేఖనము తగదనువారికి ఇంతకంటె సమాధాన మేమి కావలెను?

నీటిరంగులు వెలుతురునకు వెలవెలబోవును. చెమ్మకు కాగితము చెడును. చూచువారు లేని చిత్రములను శ్రద్ధతో కాపాడువారును క్రమముగ తగ్గుదురు. కొయ్యబొమ్మల గతియు నిట్టిదే. చౌకయగు ప్లాస్టిక్కు బొమ్మలతో ఇల్లు నింపుకొన్నచో, చెక్కెడువాని బిడ్డ ఆ విద్య నేల నేర్చును?

మావారు బడిపంతులగుటచే పిల్లల పుస్తకములు మా యింటికి కట్టలుగ వచ్చును. లెక్కల నడుమ, అంచులమీద, నెమళ్లు, పడవలు, చెరువుగట్లు కనబడుచుండును. అట్టి గీత మీ యమ్మాయి పుస్తకమున కనబడినచో కసురుకొనకుడు. ఈ మారు గోదావరికి పోవునప్పుడు ఆమెను వెంటగొని, స్నానానంతరము చిత్రశాలకు నడిపింపుడు.