మణికట్టు మీద మడతబందు

పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద సాయంకాలం వాహనాలను ఆపివేస్తారు. అప్పుడిక ఆ దారి పాదచారులదే. గాంధీ విగ్రహమూ, పాత దీపస్తంభమూ చూసి, సముద్రపు గట్టు మీద కూర్చున్నాను. గాలికి చెదిరిన జుట్టు సవరించుకోబోతే చేతి గడియారం జారి ఒడిలో పడింది. చెయ్యి కాస్త అవతలికి చాచి ఉంటే, కింద ఉన్న నల్లరాళ్ళ సందుల్లోకి పోయేదే. అది మా నాన్నగారి గడియారం. ఆయన పోయిన నాటినుంచీ, ఏడేళ్ళుగా, నా చేతికే ఉంటోంది.

మర్నాడు ఉదయం నెహ్రూ వీధిలో, చిన్న గాజుపెట్టె ముందు కూర్చున్న ఒక వృద్ధుడి దగ్గరకు తీసుకువెళ్ళాను. నేను తమిళం కూడదీసుకుంటూ ఉంటే ఆయన తెలుగులోనే పలకరించారు. కంటికి భూతద్దం బిగించి చూసి, "గడియారానికి ఏమీ కాలేదమ్మా, లాకు అరిగిపోయింది. ముళ్ళను రోజుకు వందసార్లు చూస్తారు. దీన్ని మాత్రం ఊడిన రోజునే చూస్తారు" అన్నారు.

పనితనం ఎలా ఉండాలో చూడమంటూ, శుభ్రం చేయడానికి వచ్చిన ఒక ఖరీదైన ఫ్రెంచి గడియారాన్ని సొరుగులోంచి తీశారు. మూసి ఉన్నప్పుడు ఆ గొలుసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియలేదు. రెండు పక్కలా వేళ్ళతో నొక్కగానే, వంపు తిరిగిన సన్నని పలకలు మడతమంచం తెరిచినట్లు విచ్చుకున్నాయి. కాని గొలుసు కొసలు రెండూ విడిపోలేదు! ఉంగరంలాంటి ఆ వలయం చెయ్యి దూరేటంత పెద్దదయింది, అంతే. మామూలు తోలుపట్టీ బకిల్ ఊడితే గడియారం నేలపాలే. ఇది పట్టు తప్పినా చేతిని వెంటనే విడిచిపోదు.

గడియారం జేబులోంచి మణికట్టుకు చేరిన రోజుల్లో పుట్టిన ఉపాయమిది. బ్రెజిల్ దేశపు విమానచోదకుడు అల్బెర్టో సాంటోస్ డుమాంట్ కోసం, ఆయన మిత్రుడు లూయీ కార్టియర్ 1904లో పారిస్‌లో ఒక చేతిగడియారం రూపొందించాడు. విమానం నడిపేవాడు జేబులో చెయ్యి పెట్టి వేళ చూసుకోలేడు గదా! 1910 ప్రాంతంలో ఈ మడత లాకుకు కార్టియర్ వారు పేటెంటు పొందారు. ఫ్రెంచివారి 'దెప్లోయే' అనే క్రియకు మడత విప్పడం, రెక్కలు చాపడం అని అర్థం. ఇంగ్లీషులో దాన్ని 'డిప్లాయ్‌మెంట్' చేసి, సైన్యాన్ని మోహరించినట్లు ధ్వనింపజేశారు. అనువాదకురాలిగా నాకు ఆ మాట నచ్చలేదు. మన వడ్రంగులు తలుపుకు బిగించే 'మడతబందు' అంతకంటె చక్కగా అమరుతుంది.

చూడడానికి చిన్నదే గాని, ఇందులో ఆలోచన చాలా ఉంది. పలకల వంపు మణికట్టు వంపుతో కలవాలి. అంచులు చర్మాన్ని గీయరాదు. స్ప్రింగు కంటికి కనిపించరాదు. చవకరకాలలో పలుచని రేకును వంచి సరిపెడతారు. మేలురకాలలో గట్టి లోహపు దిమ్మనుంచి చెక్కి తీస్తారు. పైగా మణికట్టు రోజంతా ఒకే కొలతలో ఉండదు. ఈ ఊరి ఉక్కపోతలో ఉదయం సరిపోయిన గొలుసు మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది. అందుకే రోలెక్స్ వారు కొన్ని గడియారాల లాకులో ఒక మడత లింకును అమర్చారు. పనిముట్టు అవసరం లేకుండా అది గొలుసును 5 మిల్లీమీటర్లు వదులు చేస్తుంది.

మరమ్మతు పూర్తయ్యేలోగా భారతీ పార్కు చెంతనున్న మ్యూజియానికి వెళ్ళాను. ఊరికి దక్షిణంగా ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపి, రోముతో సాగిన ప్రాచీన వర్తకపు ఆనవాళ్ళు బయటపెట్టాడు. అక్కడ దొరికిన గాజుపూసలూ రాతిపూసలూ రంగు చెడకుండా ఉన్నాయి. దాదాపు రెండువేల ఏళ్ళు నిలిచాయి! వాటిని గుచ్చిన దారమూ, మెడ వెనుక వేసిన ముడీ మాత్రం ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. అవి లేకుండా ఆ పూసలు ఒక్కరోజయినా హారం అయి ఉండేవి కావు.

సాయంకాలం తిరిగి వెళ్ళేసరికి లాకు కొత్త సీలతో సిద్ధంగా ఉంది.

"ఇంత వదులుగా ఎందుకు పెట్టుకున్నారమ్మా? ఊగి ఊగి అరిగింది" అని అడిగారు పెద్దాయన.

అది నాన్నగారి చేతి కొలత. మార్చాలని నాకెన్నడూ తోచలేదు. ఆ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా రెండు లింకులు తీసి, గొలుసును నా చేతికి సరిచేసి, లాకు నొక్కారు. టక్కుమని చిన్న చప్పుడయింది.

తీసిన లింకులను కాగితంలో పొట్లం కట్టి ఇస్తూ, "దాచుకోండి. ఇవి కూడా ఆయనవే" అన్నారు.