అనధ్యయనం

సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ స్థితిని వానరులకు వర్ణిస్తూ, పాడ్యమినాడు చదివేవాని విద్యవలె ఆమె కృశించిపోయిందంటాడు. నేటి పాఠకునికి ఈ ఉపమానం వెంటనే బోధపడదు. పాడ్యమి అనధ్యయన దినం. అష్టమి, చతుర్దశి, పూర్ణిమ లేదా అమావాస్య, ఆ మరునాటి పాడ్యమి - పక్షానికి నాలుగు చొప్పున నెలకు ఎనిమిది దినాలు వేదవిద్యార్థికి కొత్త సంత ఉండదు. ఆనాడు చదివితే ఉన్న విద్య కూడా తరిగిపోతుందని పెద్దల విశ్వాసం. మా తాతగారు ఆ తిథులకోసం వేళ్లు లెక్కపెట్టుకునేవారట. బట్టలు ఉతుక్కోవడానికీ, పక్క ఊరికి నడిచివెళ్లి తల్లిని చూసి రావడానికీ అవే దినాలు. శాస్త్రం చెప్పే కారణాలు వేరు కావచ్చు. నాకు మాత్రం ఆ నియమం వెనుక బోధనలో తల పండిన ఒక గురువు కనిపిస్తాడు.

ఆ చదువేమీ సుకుమారమైనది కాదు. గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు పలకాలి. తెల్లవారుజామున లేచి నిన్నటిదీ మొన్నటిదీ వల్లె వేయాలి. పదం, క్రమం, జట, ఘనం అంటూ అదే మంత్రాన్ని ముందుకూ వెనుకకూ తిప్పి చెప్పాలి. అంతటి కాఠిన్యంలోనూ విరామానికి పంచాంగమే హామీ ఉండేది. పైగా వేదాంగాలు చదువుకోవడానికి ఆ దినాల్లో నిషేధం లేదని మనుస్మృతి అంటుంది. అంటే సెలవు సోమరితనానికి కాదు, బరువు మార్చుకోవడానికి.

1885లో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరుసలను కంఠస్థం చేస్తూ తనమీద తానే పరీక్షలు జరుపుకున్న వైనం ప్రకటించాడు. ఒకే రోజు 68 సార్లు వల్లించిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తేనే ఆయనకు దక్కింది. ఈ లెక్క మా అబ్బాయికి చెప్పాను.

వాని కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. హాస్టల్లో ఉదయం అయిదింటికి మొదలైన ‘స్టడీ అవర్స్’ రాత్రి పదిన్నరకు గాని ముగియవు, ఆదివారం పరీక్ష. సంక్రాంతికి మూడు రోజులు ఇంటికి వచ్చినవాడు మొదటి రోజంతా నిద్రపోయాడు. రెండవనాడు తండ్రి నాలుగింటికే లేపబోతే నేను అడ్డుపడ్డాను.

“నాన్నా, మీ తాతగారి తరంలో పోటీ లేదు. వీడు ఒక్కరోజు ఆగితే లక్షమంది దాటిపోతారు,” అన్నాడు మా అబ్బాయి. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఫీజుకోసం వాడు తెచ్చిన అప్పు సంగతీ నాకు తెలుసు. అయితే రాత్రి పదింటి తరువాత చదివినదాంట్లో మరునాటికి ఏం మిగులుతున్నదో ఆ హాస్టల్లో ఎవరైనా అడుగుతారా? గంటలు లెక్కించడం సులువు. తలకు ఎక్కినదాన్ని లెక్కించడానికి పిల్లవాని పక్కన కూర్చోవాలి.

కూర్చున్నాను. భౌతికశాస్త్రం నాకు రాదు. అందుకే పుస్తకం మూసి, నిన్న చదివినది తెలుగులో చెప్పమన్నాను. ఆవేశం, విద్యుత్ క్షేత్రం అంటూ పావుగంట ధాటిగా చెప్పి ఒకచోట ఆగిపోయాడు. ఆగినచోట పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. అలా రెండు రోజుల్లో పదకొండు గుర్తులు తేలాయి. హాస్టలుకు తిరిగి వెళ్లేటప్పుడు ఆ పదకొండింటినీ రోజుకు ఒకటి చొప్పున వేసుకుని, ఆదివారం సాయంత్రం గడిని ఖాళీగా వదిలాడు.

తండ్రి ఆ కాగితం చూశాడు. ఖాళీ గడిని ఇంకా ఒప్పుకోలేదు, కొట్టివేయనూ లేదు.