కొలిచి తెలిసికొన్న నిజము

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరు కొండరాళ్ళ నడుమ, 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను భవనము వెలసెను. నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి దానిని ప్రారంభించిరి. కాలక్రమమున ఆ భవనము చుట్టును హైటెక్ సిటీ పెరిగెను. గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రాంగూడల వరకు అద్దాల మేడలు బారులు తీరెను. దేశదేశముల బ్యాంకులకును, వైద్యశాలలకును కావలసిన కంప్యూటరు ప్రోగ్రాములు ఆ మేడలలో తయారగుచున్నవి. వానికి కూతవేటు దూరములోనే ఇరుకు సందులును, రెండు గదుల అద్దె ఇండ్లును కలవు. మేడలలో పనిచేయువారిని కార్లలో చేరవేయు డ్రైవర్లు, కాపలాదారులు, వంటవారు అట్టి ఇండ్లలో కాపురముందురు. అట్టి ఒక ఇంట 2020వ సంవత్సరమున ఒక పాత కంప్యూటరు పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను.

ఆ యేడు మార్చి నెలలో కరోనా వ్యాధి కారణమున దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడెను. ఇంజనీర్లు తమ ఇండ్లనుండియే పనిచేయసాగిరి. వారిని దినదినము కారులో చేరవేయుచుండిన ఆ ఇంటి యజమానికి పని తప్పిపోయెను. ఆయనకు ఇద్దరు బిడ్డలు. కూతురు పదవ తరగతి, కొడుకు ఏడవ తరగతి. సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించెను. ఈ బిడ్డల పాఠశాలవారు అంతర్జాలము ద్వారా పాఠములు చెప్పుచుండిరి. అందుకై తండ్రి దాచుకొన్న సొమ్ముతో ఒక పాత కంప్యూటరును కొని తెచ్చెను. ఉదయము అక్కయు, మధ్యాహ్నము తమ్ముడును దానిముందు కూర్చుండి పాఠములు వినుచుండిరి.

కొన్ని వారములు బాగుగనే గడచినవి. పిమ్మట కంప్యూటరు మందగించెను. ఒక పేజీ తెరచుటకు చాలసేపు పట్టుచుండెను. ఉపాధ్యాయుని మాట ముక్కలు ముక్కలుగా వినవచ్చుచుండెను. ఆయన అడిగిన ప్రశ్నకు బాలిక జవాబు చెప్పునప్పటికి తరగతి మరొక ప్రశ్నకు పోయియుండెడిది.

“ముసలియెద్దును పొడిచినంత మాత్రమున దున్నునా? దీని పని అయిపోయినది” అని తండ్రి తేల్చివేసెను. సికిందరాబాదు పార్క్ లేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి మరొక కంప్యూటరు తేవలెనని ఆయన తలంపు. చేతిలో పైకము లేదు. తల్లి మౌనముగా తన చేతి గాజులవైపు చూచుకొనెను.

బాలిక మాత్రము మరొక కారణము చెప్పెను. “నాన్నా, తమ్ముడు దీనిలో ఆటలు నింపినాడు. అందువలననే ఇట్లయినది.”

తమ్ముడు కాదని మొత్తుకొనెను. తండ్రి వినలేదు. “నేటినుండి నీవు దీనిని ముట్టరాదు” అని ఆజ్ఞాపించెను. బాలుని పాఠములు నిలిచిపోయినవి. ఐనను కంప్యూటరు బాగుపడలేదు.

ఆ ఇంటి మేడమీది గదిలో ఒక ఇంజనీరు కాపురముండెను. తండ్రి ఆయనను ఎన్నోమారులు హైటెక్ సిటీకి కారులో చేర్చియుండెను. బాలిక మెట్లకడ నిలిచి, “బాబాయిగారూ, మా కంప్యూటరు చెడిపోయినది” అని చెప్పుకొనెను.

ఆయన నవ్వి, “ఆడలేక మద్దెల ఓడన్న సామెత విన్నావు కదా, అమ్మాయీ! మద్దెల నిజముగనే ఓటిదియు కావచ్చును. కాని వాయించి చూడక ఆ మాట అనరాదు. వైద్యుడు నాడి చూడక మందిచ్చునా? ముందు కొలిచి చూడుము” అనెను.

పిదప ఆయన కంప్యూటరు జ్ఞాపకమును గూర్చి వివరించెను. కంప్యూటరులో వస్తువులు రెండు చోట్ల ఉండును. ఒకటి ర్యామ్, రెండవది హార్డ్ డిస్కు. ర్యామ్ వంటగట్టు వంటిది. అప్పటికి కావలసిన గిన్నెలే దానిపై నుండును. హార్డ్ డిస్కు అటక వంటిది. అక్కడ చోటెక్కువ, కాని ఎక్కి దింపుటకు కాలము పట్టును. నేటి ర్యామ్‌కు మూలమైన నిర్మాణమును 1966లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ రూపొందించెను. దానిలోని విషయము విద్యుత్తు ఉన్నంతవరకే నిలుచును. కంప్యూటరును ఆపినంతనే గట్టు ఖాళీయగును. ఆ యింటి కంప్యూటరులోని ర్యామ్ నాలుగు గిగాబైట్లు. అనగా 429 కోట్లకు పైగా బైట్లు. బైటనగా ఒక ఆంగ్లాక్షరమునకు పట్టు చోటు. ఇంత చోటు కూడ నేటి పేజీలకు త్వరలో నిండిపోవును.

గట్టు నిండినచో కంప్యూటరు ఆగిపోదు. కొన్ని గిన్నెలను అటకపైకి ఎక్కించి, ఆ చోటున క్రొత్తవానిని పెట్టును. ఈ ఉపాయమును ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమువారు 1962లో అట్లాస్ అను కంప్యూటరులో అమలుపరచిరి. ఉపాయము మంచిదే కాని, అటకకు పోయివచ్చు కాలము మిక్కిలి ఎక్కువ. తిరుగుడు పళ్ళెములుగల పాత డిస్కు ర్యామ్ కంటె సుమారు లక్షరెట్లు నిదానము. గట్టుపైని గిన్నెను అందుకొనుటకు ఒక సెకను పట్టుననుకొన్నచో, అటకపైని దానిని తెచ్చుటకు లక్ష సెకనులు, అనగా ఒక దినమునకు మించి పట్టునన్నమాట! గిన్నెలు మరీ ఎక్కువైనచో వంటవాడు ఎక్కుట దిగుటలతోనే ప్రొద్దు పుచ్చును, వంట సాగదు. ఈ దురవస్థ ఎందుకు కలుగునో, ఎట్లు నివారింపవలెనో 1968లో పీటర్ డెన్నింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు విశదపరచెను.

ఇంజనీరు ఆమెకు రెండు ఉపాయములు నేర్పెను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. ఏ ప్రోగ్రాము ఎంత చోటు పట్టినదో అది చూపును. క్రోమ్ బ్రౌజరులో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు నొక్కినచో ఒక్కొక్క ట్యాబు లెక్క విడివిడిగా కనబడును. “ఒకసారికి ఒక్క మార్పే చేయుము. రెండు చేసినచో దేనివలన గుణము కలిగెనో తెలియదు. చూచినదెల్ల వ్రాసికొనుము” అని ఆయన హెచ్చరించెను.

బాలిక ఒక నోటుపుస్తకము తీసికొని కూర్చుండెను. కంప్యూటరును ఆపి మరల నడిపెను. మొదట అది చురుకుగా నుండెను. గంట గడచునప్పటికి ర్యామ్ నిండిపోయి మందగించెను. అనగా ఏదియో ఒకటి క్రమక్రమముగా చోటు నాక్రమించుచున్నది.

మొదట ఆమె తమ్ముని ఆటలను పరీక్షించెను. జాబితాలో వాని పేరే లేదు. అవి డిస్కుపై నున్నవి కాని, తెరువనిదే గట్టుమీదికి రావు. ఐనను వానిని తొలగించి చూచెను. గంటకు ర్యామ్ ఎప్పటివలె నిండెను. ఆమె మనస్సు చివుక్కుమనెను. ఆ ఫలితమును కూడ వ్రాసికొనెను.

రెండవ దినమున బ్రౌజరును చూచెను. అవసరము తీరినను మూయక వదలిన ట్యాబులు పదునెనిమిది కలవు. వానిని మూసివేయగా కొంత చోటు దొరకెను. కాని పాఠము జరుగు ట్యాబొక్కటియే గడియ గడియకు ఉబ్బిపోవుచుండెను. తప్పు పాఠశాలవారి పేజీదని ఆమెకు తోచెను. ఆ మాట వెంటనే అనలేదు. ఒకమారు కొలువక నిందించిన ఫలము ఆమె యెరుగును.

మూడవ దినమున అదే పాఠమును ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరచెను. మనము ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప, బ్రౌజరుకు తగిలించిన ఎక్స్‌టెన్షన్లు ఆ కిటికీలో పనిచేయవు. గంట గడచెను. ర్యామ్ నిండలేదు. పాఠము జారు లేకుండ సాగెను. పేజీలో దోషము లేదు. దోషము ఎక్స్‌టెన్షనుది.

ఆ బ్రౌజరుకు ఒక్కటే ఎక్స్‌టెన్షను కలదు. పేజీల రంగులను, అక్షరముల తీరును మార్చు ఆ చిన్న ప్రోగ్రామును తగిలించినది ఆమెయే. అందముగా నుండునని వేడుకపడి చేర్చి, పిదప మరచిపోయెను. దానిని తొలగించి, మామూలు కిటికీలో పాఠమును తెరచి మరల కొలిచెను. కంప్యూటరు మందగింపలేదు.

ఇప్పుడు ఆమె యెదుట రెండు మార్గములు కలవు. కంప్యూటరు బాగుపడినదని చెప్పి ఊరకుండవచ్చును. ఎక్స్‌టెన్షను సంగతి ఆ ఇంట మరెవ్వరికిని తెలియదు. నోటుపుస్తకమును ఎవరును అడుగరు. కాని తమ్ముడు పది దినములుగా పాఠములు లేక గోడవైపు తిరిగి కూర్చుండుచుండెను.

రాత్రి భోజనములైన పిమ్మట ఆమె నోటుపుస్తకమును తండ్రి చేతికిచ్చెను. “నాన్నా, తప్పు తమ్మునిది కాదు. కంప్యూటరుదియు కాదు. నాది” అని, జరిగినదంతయు చెప్పెను.

తండ్రి పుటలు త్రిప్పి చూచెను. అంకెలన్నియు ఆయనకు బోధపడలేదు, కాని కూతురి కంటతడి బోధపడెను. కుమారుని దగ్గరకు పిలిచి, “నేనును విచారింపకయే తీర్పు చెప్పితిని రా, నాయనా” అనెను. తల్లి గాజులు ఆమె చేతులనే నిలిచెను. మరునాటినుండి తమ్ముడు మరల పాఠములు వినసాగెను.

అన్ని కంప్యూటర్లకును దోషమిదియే అనరాదు. ఒక్కొక్కప్పుడు ర్యామ్ నిజముగనే చాలదు, క్రొత్తది వేయింపవలసి వచ్చును. ఒక్కొక్కప్పుడు డిస్కు అరిగియుండును. అదియు కొలిచిననే తెలియును. నేటి బ్రౌజర్లు కొన్ని చాలసేపు చూడని ట్యాబులను తామే నిద్రపుచ్చి చోటు మిగుల్చుచున్నవి. ఐనను మనము తగిలించి మరచినవానిని వెదకి తీయవలసినవారము మనమే.

ఆ నోటుపుస్తకమును ఇంటివారు పారవేయలేదు. తరువాత ఒకసారి కంప్యూటరు మరల నిదానించినప్పుడు, బాలుడు ఎవరిని పిలువకయే దానిని తీసి, అక్క వ్రాసిన చివరి పంక్తి క్రింద తేది వేసి, కొలుచుట మొదలుపెట్టెను.