సముద్రం దాటిన పందికొక్కు

చిన్నప్పుడు భోజనం చేసి కదలకుండా కూర్చుంటే మా నాయనమ్మ, "పందికొక్కులా మెక్కితే సరా? లేచి గాబులోకి నాలుగు బిందెలు నీళ్లు తోడి పొయ్యరా" అనేది. ఆ మాట తిట్టుగానే చెవిలో ఉండిపోయింది. ఏళ్లు గడిచాక ఒకరోజు మరేదో మాట కోసం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తిరగేస్తుంటే 'బ్యాండికూట్' కంటబడింది. ఆ మాట పుట్టుక దగ్గర భాష తెలుగు అని రాసి, పక్కనే మన పందికొక్కును ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేశారు. నాయనమ్మ గొంతు ఆ పేజీలోంచి వినపడ్డట్టయింది.

ఆ పేరు పెట్టిన పల్లెటూరివాడు ఎవరో గాని, చూపున్నవాడు. కొక్కు అంటే ఎలుక. అందుకే వినాయకుణ్ణి కొక్కురౌతు అన్నారు. ఈ కొక్కు మాత్రం ఇంట్లో తిరిగే ఎలుక కంటే బాగా పెద్దది. రెచ్చగొడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది, పందిలాగే నేలను కుళ్లగిస్తుంది. వరి పంట చేతికొచ్చే రోజుల్లో గట్ల కింద బొరియలు తవ్వి, కంకులు కొరికి లోపలికి ఈడ్చుకుపోయి దాచుకుంటుంది. కోతలయ్యాక యానాదులు ఆ కలుగులు తవ్వి ధాన్యం బయటికి తీస్తుంటే మేము చుట్టూ మూగేవాళ్లం. ఆకారం, అరుపు, చేసే పని, అన్నీ రెండు చిన్న మాటల్లో ఇమిడిపోయాయి.

18వ శతాబ్దం చివరికల్లా ఈ పేరు ఇంగ్లీషులోకి చేరింది. వాళ్ల నోట పకారం బకారమైంది, చివరి ఉకారం రాలిపోయింది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ ఇది తెలుగు మాటేనని రాశారు.

మాట అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు పొడుగు ముట్టెతో నేల తవ్వే ఒక జంతువును చూసి దానికీ ఇదే పేరు పెట్టారు. నిజానికి అది ఎలుక జాతే కాదు. కంగారూలా పిల్లల్ని పొట్టసంచిలో మోస్తుంది. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి తల్లి తవ్వేటప్పుడు పిల్లల మీద మన్ను పడదు. చుట్టరికం లేకపోయినా పేరు నిలిచిపోయింది. పైగా అక్కడి వాడుకలో అది క్రియ కూడా అయింది. పైన ఆకు చెదరకుండా, మట్టిలోంచి బంగాళాదుంపల్ని గుట్టుగా తవ్వుకుపోవడాన్ని 'బ్యాండికూట్ చేయడం' అంటారు. ఆ మాట వింటే మన రైతు వెంటనే తలూపుతాడు. జంతువు మారినా పందికొక్కు బుద్ధి మాటను విడవలేదు.

మంగూస్ కూడా ఇలాంటిదే. అది మరాఠీ మీదుగా వెళ్లిందంటారు గాని, మన ముంగిసకు దగ్గరి చుట్టం.

బస్సు, రోడ్డు, టేబులు అంటూ పొద్దస్తమానం తీసుకున్న లెక్కే మనకు గుర్తుంటుంది, ఇచ్చిన లెక్క గుర్తుండదు. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ వీడియో గేమ్ ఆడిన తెలుగు పిల్లల్లో ఎంతమందికి అది తమ ఇంటి మాటని తెలుసు? వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇంగ్లీషు పాఠం చెప్పే పంతుళ్లూ పంతులమ్మలూ, ఈ మాట ఎదురైన రోజు 'ఒక రకం పెద్ద ఎలుక' అని దాటెయ్యకండి. ఒక్క నిమిషం ఆగి, బోర్డు మీద పక్కనే తెలుగులో పందికొక్కు అని రాయండి.