గ్రాఫ్టన్ గుడిలో ఇద్దరమ్మలు

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి రావడం తప్ప వెస్ట్ వర్జీనియాలో ఉన్న మనవాళ్ళకి వేరే యాత్ర లేదని మన సభ్యులు కొందరు హాస్యానికి అంటూ ఉంటారు. నిజానికి ఈ రాష్ట్రానికి మనలో ఎవరూ చూడ్డానికి రాలేదు. నాలాంటి డాక్టర్లం వీసా నిబంధన మాఫీ కోసం, వైద్యులు దొరకని ఊళ్ళలో మూడేళ్ళు పనిచేస్తామని సంతకం పెట్టి వచ్చాం. గడువు తీరినా కొండలు అలవాటై కొందరం ఉండిపోయాం. అలా ఉండిపోయినవాళ్ళలో కూడా చాలామంది చూడని ఊరు ఒకటి, క్లార్క్స్‌బర్గ్‌కి తూర్పున ఇరవై మైళ్ళలో ఉంది. పేరు గ్రాఫ్టన్. ఏటా మే నెల రెండో ఆదివారం మన పిల్లలు బడిలో చేసిన కాగితం పువ్వు తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెడతారే, ఆ మదర్స్ డే పుట్టిన ఊరు అది.

మేము వెళ్ళింది ఏప్రిల్ చివరి శనివారం. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఐదు నెలలు. తిరుగు ప్రయాణం దగ్గర పడింది. గుండెకి స్టెంటు వేసిన మనిషి, మళ్ళీ ఇంత దూరం రావచ్చని డాక్టరుగా నేను చెప్పలేను. ఆ మాట ఆమెతో అనలేదు. మా ఆసుపత్రిలోనే పనిచేసే మత్తు డాక్టరు, నా మిత్రుడు, అతని తల్లి కూడా తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ నిష్ఠగల వైష్ణవురాలు. మా అమ్మ లూథరన్ గుడి నీడన పుట్టి పెరిగినది. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, ఇద్దరికీ ఇక్కడి టీవీ ఎక్కదు. మొదటి వారంలోనే "వదినగారూ" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఏకాదశి ఉపవాసానికి మా అమ్మ పళ్ళు కోసి పంపేది. గుడ్ ఫ్రైడే సాయంత్రం ఆవిడ అటుకుల ఉప్మా చేసి పంపారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఉగాది సభలో ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, "మీరు క్రైస్తవులు కదమ్మా, ఉగాది పచ్చడి తింటారా?" అని మా అమ్మనడిగారు. ఆమె ఒక చెంచాడు నోట్లో వేసుకుని, "తింటాం బాబూ. కానీ ఇందులో మామిడికాయ పులుపు చాల్లేదు," అంది. నాకు మాత్రం ఆ ప్రశ్న కొన్నాళ్ళు మనసులో ఉండిపోయింది. తెలుగు నేర్చుకున్నది బైబిలులోనైతే అది తెలుగు కాకుండా పోతుందా అని.

క్లార్క్స్‌బర్గ్ నుంచి 50వ నంబరు రోడ్డు మీద పోతే గ్రాఫ్టన్ కంటే ముందు ప్రంటీటౌన్ వస్తుంది. కారు ఆపకుండా దాటిపోయేంత చిన్న ఊరు. కానీ కథలో సగం ఇక్కడే ఉంది. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఈ కొండ ప్రాంతం రెండుగా చీలింది. అన్నదమ్ములు చెరొక సైన్యంలో చేరారు. 1863లో వర్జీనియా నుంచి విడిపోయి వెస్ట్ వర్జీనియా వేరే రాష్ట్రమైంది. యుద్ధం ముగిసినా పగలు ముగియలేదు. 1868లో ఆన్ రీవ్స్ జార్విస్ అనే గృహిణి ఈ ప్రంటీటౌన్ కోర్టు దగ్గరికి రెండు పక్షాల సైనికులనూ వాళ్ళ తల్లులనూ పిలిపించింది. తల్లుల స్నేహదినం అని దానికి పేరు. తుపాకులు పేలతాయని ఊరు భయపడింది. చివరికి ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడ్చారని చెబుతారు.

గ్రాఫ్టన్ టైగార్ట్ నది ఒడ్డున, రైలు పట్టాల వెంట సాగిన ఊరు. ఒకప్పుడు బాల్టిమోర్-ఒహాయో రైల్వేకి ముఖ్యమైన కూడలి. ఇప్పుడు జనాభా ఐదు వేలు లేదు. మెయిన్ స్ట్రీట్ మీద ఆండ్రూస్ మెథడిస్టు గుడి, 1873 నాటి ఇటుకల కట్టడం. ఆన్ జార్విస్ పాతికేళ్ళపాటు సండే స్కూలు చెప్పింది ఈ సంఘంలోనే.

డాక్టరుగా నన్ను పట్టుకున్నది ఆమె అంతకు ముందు చేసిన పని. ఆమెకు పుట్టిన బిడ్డలు పదిమందికి పైమాటే, పెరిగి పెద్దయినవాళ్ళు నలుగురు. ఆ రోజుల్లో తట్టు, డిఫ్తీరియా, టైఫాయిడ్ ఇళ్ళకి ఇళ్ళు ఊడ్చేసేవి. 1858లో, కడుపుతో ఉండి కూడా, ఆమె చుట్టుపక్కల ఊళ్ళ తల్లులను కూడగట్టి సంఘాలు పెట్టింది. క్షయతో మంచం పట్టిన తల్లి ఇంట్లో పనికి మనిషిని కుదిర్చేవారు, మందులకి చందాలు వేసుకునేవారు, పాలు బాగున్నాయో లేదో చూసేవారు. ఆమె అన్న డాక్టర్ జేమ్స్ రీవ్స్ టైఫాయిడ్ జ్వరం మీద 1859లో పుస్తకం రాసినవాడు. ఈ పనిలో చెల్లెలికి తోడు. యుద్ధం వచ్చాక ఆ సంఘాలు ఏ పక్షమూ కాదని ఆమె తేల్చి చెప్పింది. సైనిక శిబిరాల్లో టైఫాయిడ్, తట్టు వ్యాపిస్తే నీలి బట్టలవాళ్ళకీ బూడిదరంగు బట్టలవాళ్ళకీ ఒకే తీరుగా సేవ చేశారు. గుడిని కూడా ఉత్తర దక్షిణ పక్షాలుగా చీల్చాలన్న మాటకి ఆమె ఒప్పుకోలేదు.

గుడి చూపిస్తున్న పెద్దావిడ ఇదంతా చెబుతుంటే నేను తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. మా అమ్మ మధ్యలో ఆపి, "ఈవిడ నర్సు చదివిందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి మంచాన పడ్డవాళ్ళ పక్కబట్టలు ఎవరు ఉతికారట?" అంది. ఆ ప్రశ్నకి చూపించే ఆవిడ దగ్గర కూడా జవాబు లేదు.

మా అమ్మ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు. ఆ ఆసుపత్రిని 1898లో తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఫిలడెల్ఫియా పక్కన ఆర్డ్‌మోర్ ఊరి మనిషి. 1883లో గుంటూరు చేరి 1930లో అక్కడే కన్నుమూసింది. చిన్నప్పుడు నేను కాన్పుల వార్డు వరండాలో కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి. ఆపరేషనుకి తీసుకుపోయే ముందు ఒంటి మీది తాయెత్తులు, తాళ్ళు తీసెయ్యాలని నియమం. మా అమ్మ వాటిని కత్తెరతో కత్తిరించేది కాదు. మస్తాన్ దర్గా తాయెత్తయినా, మంగళగిరి నుంచి తెచ్చిన దారమైనా ముడి విప్పి, ఉతికిన గుడ్డలో చుట్టి, మనిషి పేరు రాసి దాచేది. తెలివి వచ్చాక తనే మళ్ళీ కట్టేది. కడుతూ పెదాలు కదిపేది. అది యేసుప్రభువుకి ప్రార్థన. "తాయెత్తు కడుతూ ప్రభువుని అడుగుతావేమిటమ్మా?" అన్నాను ఒకసారి. "ఆ పిల్లకి ఏ ధైర్యం ఉంటే అది ఉండనీ. నాకున్నది నేను అడుగుతున్నా," అంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్రపోకుండా, నా అనాటమీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నరాల పేర్లు తన ఉచ్చారణలో ఒక్కొక్కటే అడిగేది. గుంటూరు మెడికల్ కాలేజీలో నేను పట్టా తీసుకున్నది ఆ ప్రశ్నల వల్లే. ఆమెకున్నంత నమ్మకం నాకు లేదు. ఆదివారం గుడికి పోతాను. ప్రార్థన మాత్రం ఆమె చేసినట్టు రాదు.

మదర్స్ డే సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఆన్ జార్విస్ 1905 మే 9న పోయింది. కూతురు అన్నా జార్విస్ 1908 మే 10న ఈ గుడిలో మొదటి ఆరాధన జరిపించింది. తను ఫిలడెల్ఫియాలో ఉండిపోయి, తల్లికి ఇష్టమైన తెల్ల కార్నేషన్ పువ్వులు 500 పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ జాతీయ దినంగా ప్రకటించాడు. తర్వాత పూల వ్యాపారులూ మిఠాయి వ్యాపారులూ దాన్ని పట్టుకున్నారు. పెళ్ళి చేసుకోని ఆ కూతురు జీవితమంతా వాళ్ళతో పోట్లాడి 1948లో ఒక శానిటోరియంలో కన్నుమూసింది. ఆమె కోపం న్యాయమైనదే. అచ్చుకార్డు కొని పంపడం సోమరితనమని ఆవిడ వాదన. కాని ఆ రోజున తల్లి పక్షాల పగ తీర్చిన పని కంటే పువ్వు ముందుకొచ్చిందంటే, అందులో ఆవిడ పంపిన 500 పువ్వుల వంతు కూడా ఉందని నాకనిపిస్తుంది.

పిల్లల లెక్క చెప్పినప్పటి నుంచీ తెనాలి అత్తయ్యగారు మాట్లాడలేదు. గుడిలో బల్ల మీద కూర్చుని వేళ్ళు ముడుస్తున్నారు. "మా అమ్మకి తొమ్మిదిమంది. నలుగురం మిగిలాం," అన్నారు చివరికి. మా అమ్మ కూడా లెక్కపెట్టింది. ఏడుగురిలో ముగ్గురు. పోయినవాళ్ళ పేర్లు ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. పేరు పెట్టకముందే పోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పేర్లు మా అమ్మ నోట నేను వినడం అదే మొదలు. పిన్ని పేరు ఒకటి, మామయ్య పేరు ఒకటి.

తల్లి బతికి ఉన్నవాళ్ళు రంగు పువ్వు, పోయినవాళ్ళు తెల్ల పువ్వు పెట్టుకోవడం ఇక్కడి ఆచారం. వచ్చేటప్పుడు అంగడిలో కొన్నవి కారులో ఉన్నాయి. మా ఆవిడ తెచ్చింది. తెల్లది చూసి అత్తయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఆయన పోయాక పువ్వు ముట్టి పదకొండేళ్ళయింది వదినా. నాకెందుకు?"

"తల్లోకి కాదు వదినా," అంది మా అమ్మ. "ఇది మీ అమ్మకి." అని తన చీర పిన్నీసు తీసి, ఆవిడ స్వెట్టరుకి ఎడమవైపున పువ్వు గుచ్చింది. ఆవిడ దాని వంక చూసుకుంటూ కొంగు కప్పుకోబోయి, మానేశారు. తర్వాత మా అమ్మకి ఆవిడ గుచ్చారు. ఎర్రది నేనే పెట్టుకున్నాను.

నది ఒడ్డున బల్ల దొరికితే పులిహోర విప్పాం. గాలి చల్లగా ఉంది. మిత్రుడు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. మా అమ్మ కళ్ళు మూసుకుని తల వంచింది. ఆమె ఆమెన్ అనేదాకా అత్తయ్యగారు ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆగారు.